జయంతి సేఠ్ కలిపేసిన అక్షరాలు

నేను ఒక కీబోర్డుని. బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. రంగు ఒకప్పుడు మీగడలా ఉండేది, ఇప్పుడు కప్పు అడుగున ఎండిన చాయ్‌లా ఉంది. ఈ కథలో నూటపన్నెండు పాటలు మాయమవుతాయి. వాటిని వెనక్కి తేగలిగింది లోకంలో ఒక్కటే ఉంటుంది. సరిగ్గా తేవాల్సిన క్షణంలో అది మొండికేసి కూర్చుంటుంది, కేవలం ఈర్ష్యతో. ఆ నేరస్థుణ్ని వెతికే శ్రమ మీకివ్వను. నేనే.

పుట్టింది తైవాన్‌లో. ఒంటి మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఓడలో మద్రాసు వచ్చి, లారీలో సికింద్రాబాదు చేరి, జనరల్ బజార్ సందులో ఒక బట్టల కొట్టు పైఅంతస్తుకి ఎక్కాను. అక్కడ జయంతి సేఠ్ డీటీపీ దుకాణం పెట్టుకున్నాడు. పూర్తి పేరు జయంతీలాల్ పారేఖ్. సికింద్రాబాదులో గుజరాతీల ఇంట పెళ్లయినా, సంతాప సభ అయినా, సమాజం వారి మాసపత్రిక అయినా, అచ్చుకు వెళ్లే ముందు ఆయన మెట్లు ఎక్కాల్సిందే.

ఆ రోజుల్లో కంప్యూటరుకి గుజరాతీ రాదు. వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. అందుకని దానికి ఫాంటు అనే వేషం తొడిగేవారు. నా మీద ఇంగ్లీషు కె కొడితే లోపల కె అనే ఉంటుంది. తెర మీద మాత్రం అది గుజరాతీ అక్షరంలా వేషం కట్టుకుని నిలబడుతుంది. వేషం ఊడిపోయిందా, కింద మిగిలేది కెలూ, జెలూ, బ్రాకెట్లూ, కామాలూ కలిసిన చెత్తకుప్ప.

పక్క సందులో మనహర్‌లాల్ అని మరొకాయన ఇదే వ్యాపారం పెట్టాడు. ఇదే ఫాంటు కొన్నాడు. ఒకరోజు ఒక పెళ్లివారు మా దుకాణంలో కొట్టించిన శుభలేఖ ఫైలుని పట్టుకెళ్లి అక్కడ తెరిపించారు. తెరుచుకుంది. ఆ సంగతి తెలిసిన రోజున జయంతి సేఠ్ టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

"నా ఫైల్ వాడి దుకాన్ల ఓపెన్ అయితదా? నా ఫైల్?" అని సాయంత్రం దాకా గోడనే అడిగాడు.

ఈర్ష్య అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. వారం తిరక్కుండా బొంబాయి నుంచి ఒక ఫాంటు నిపుణుణ్ని పిలిపించాడు. మూడు రోజులు కూర్చోబెట్టి, ఢోక్లా పెట్టి, ఫాంటులో అక్షరాలన్నీ చెల్లాచెదురు చేయించాడు. క ఉండాల్సిన చోట ధ. ధ ఉండాల్సిన చోట మరేదో. ఇక మా ఫైలు మనహర్‌లాల్ తెరిస్తే కనిపించేవి గుజరాతీ అక్షరాలే, కానీ ఒక్క మాటకూ అర్థం ఉండదు. తరువాత సేఠ్ స్వయంగా గోళ్ల కత్తెరతో చిన్న చిన్న చీటీలు కత్తిరించి, వాటి మీద అక్షరాలు రాసి, నా మీటల మీద అంటించాడు.

"ఈ లెక్క యాడ రాసిపెట్టొద్దు, హా? కాయితం మీదికి వస్తే బయటికి పోతది," అని దుకాణంలో అందరికీ హుకుం జారీ చేశాడు.

ఆ విధంగా ఆ రహస్యం రెండే చోట్ల నిలిచింది. ఒకటి నా ఒంటి మీద. రెండోది ఫాంటులో, అంటే దుకాణం కంప్యూటరులోనూ, దాని నకలున్న ఒక ఫ్లాపీలోనూ. ఆ ఫ్లాపీకి ఎర్ర మఖమల్ సంచీ కుట్టించాడు. గోడ మీది దేవుడి అరలో పెట్టి, రోజూ అగరుబత్తీ వెలిగించాడు. పొద్దుటి నుంచి దెబ్బలు తినేది నేను. ధూపం దానికి! నా మొదటి ఈర్ష్య ఆ ఫ్లాపీ మీద.

అప్పుడు వచ్చింది సత్యవేణి.

వారాసిగూడ పిల్ల, అప్పటికి ఇరవై ఆరేళ్లు. టైపు లోయర్ పాసయి, తెలుగు డీటీపీ పని అనుకుని మెట్లెక్కింది. గుజరాతీ వచ్చినవాళ్లెవరూ టైపిస్టు పనికి రావడం లేదు గనుక సేఠ్ ఆమెను నా ముందు కూర్చోబెట్టాడు.

"సేఠ్, నాకు గుజరాతీల ఒక్క ముక్క రాదు."

"మంచిదే కదా వేణిబెన్. చదవరాదు అంటే ఎవరికీ చెప్పవు కూడా."

మొదటి నెల ఆమెకు అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఇది గొడుగు, ఇది చేపల గాలం, ఇది మోకాళ్లు ముడుచుకున్న ముసలాయన. ఆరు నెలలకు చదవడం వచ్చింది. ఏడాదికి సేఠ్ ప్రూఫులో వదిలేసిన తప్పులు పట్టుకునేది. ఆమె వేళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. మెత్తగా తాకే వేళ్లు కావవి. టైపు మిషను మీద తయారైనవి, గట్టిగా పడేవి. ప్రతి దెబ్బా నా అడుగు బల్ల దాకా దిగేది.

ఒక్క మీట మాత్రం మొదటి నుంచీ తంటా పెట్టేది. సేఠ్‌కి టైపు రాదు. టైపు రాని మనిషి అక్షరాలు కలిపితే ఏమవుతుంది? ఎక్కువగా వచ్చే మ అక్షరం తీసుకెళ్లి సెమికోలన్ మీట మీద పెట్టించాడు. అది చిటికెనవేలి చోటు. అసలే బలం లేని వేలు, దానికి రోజంతా పని. ఆమె చిటికెనవేలికి కాయ కాసింది. ఆ మీట కూడా అలిసిపోయి అప్పుడప్పుడు కిందికి దిగి పైకి వచ్చేది కాదు. అప్పుడు సత్యవేణి వేలి కణుపుతో దాని నెత్తిన రెండు దెబ్బలు వేసేది.

"ఏందే, అలిగినవా?"

అంతే, పైకి వచ్చేసేది. నిజం చెప్పాలంటే, ఆ రెండు దెబ్బల కోసమే కొన్నిసార్లు కావాలని ఆగేదాన్ని.

తరువాతి ఈర్ష్య పేరు కాంచన్‌బెన్. అరవై దాటిన వితంతువు, తెల్ల చీర, ముక్కుకి వజ్రం. రాయడం, చదవడం రావు. నవరాత్రులకు ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి పాడే గర్బా పాటలు మాత్రం ఆమె నోట్లో పుట్టేవి. ఒక ఎండాకాలం ఆమె మధ్యాహ్నం రెండింటికి వచ్చి స్టూలు మీద కూర్చుని, "రాయి దీకరీ," అంది. దీకరీ అంటే బిడ్డా అని. మూడు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది.

సత్యవేణి రాసింది. పాట ఆగకుండా సాగుతుంటే నావైపు చూసే తీరిక ఎక్కడిది? ఆమె కళ్లు కాంచన్‌బెన్ పెదవుల మీద, వేళ్లు నా మీద. నెల తిరిగేసరికి నన్ను చూడటం పూర్తిగా మానేసింది. చూడకుండానే నా మీద ఏ మూల ఏముందో ఆ వేళ్లకు తెలిసిపోయింది. అదొక గొప్పని నాకు అప్పుడు తట్టలేదు. భార్యను చూడకుండా పేపరు చదువుతూ అన్నం తినే మొగుడి ఎదుట కూర్చున్నట్టు కుమిలిపోయాను.

మామూలుగా ఏ పని అయినా అచ్చు కాగానే సేఠ్ ఆ ఫైలు చెరిపించేవాడు, మనహర్‌లాల్ చేతికి దొరక్కుండా. ఈ పాటల ఫైలు మాత్రం నిలిచిపోయింది. కారణం, ఆ పాటలతో వేయాల్సిన పుస్తకం పూర్తి కాలేదు. అచ్చుకు పంపుదాం అనుకునే ప్రతిసారీ కాంచన్‌బెన్ మెట్లెక్కి వచ్చేది. "ఇంకొక్కటి ఉంది దీకరీ." నలభై పాటలు డెబ్బయి అయ్యాయి. డెబ్బయి నూటపన్నెండు అయ్యాయి. ఏళ్లు గడిచాయి. ఆపైన ఆమె మోకాళ్ల చికిత్సకని రాజ్‌కోట్‌లో కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడే మూడేళ్లు ఉండిపోయింది.

ఆ మూడేళ్లలోనే నా పతనం జరిగింది. సేఠ్ కళ్లకు పొరలు కమ్మాయి. దుకాణం ఆయన చెల్లెలి కొడుకు ధ్రువ్ చేతికి వచ్చింది. ఇరవై ఏడేళ్లవాడు, మంచివాడే. గుజరాతీ గడగడా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు, ఇంగ్లీషు మీడియం. కొత్త కంప్యూటరు కొన్నాడు. పాత ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి, పాతదాన్ని తుక్కు కొనేవాడికి ఇచ్చేశాడు. ఫాంటు సంగతి ఎవరో గుర్తు చేస్తే, "నెట్‌లో దొరకదా ఏంది?" అన్నాడు. నా మెడకు నా వైరే చుట్టి అటక మీదకు విసిరాడు.

నా చోట్లోకి ఒక పల్చటి కీబోర్డు వచ్చింది. అరచేయంత మందం లేదు, వైరు లేదు, మీటల కింద నీలం దీపాలు. పిట పిట మంటుంది. గుజరాతీ పనికి అది కూడా అవసరం లేదట. ధ్రువ్ ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయి. ఒక్క దెబ్బ తినకుండా! సత్యవేణి విజిటింగ్ కార్డులకు రంగులు దిద్దే పనిలో పడింది. అటక చెక్కల సందులోంచి కిందికి చూస్తూ నేను ఎంత మండిపోయానో నా లోపలి రబ్బరుకి తెలుసు.

నవరాత్రులు పన్నెండు రోజులున్నాయనగా ఒక ఉదయం మెట్ల మీద కర్ర చప్పుడైంది. కాంచన్‌బెన్. ఎనభై మూడేళ్లు.

"వేణీ! నా పాటలు తియ్యి. ఈసారి మండలి ఆడోళ్లు నావే పాడతరంట, మొత్తం తొమ్మిది రోజులు. ఇచ్చెయ్, పోత."

సత్యవేణి నవ్వుతూ ఫైలు తెరిచింది. తెర నిండా గుజరాతీ అక్షరాలు వచ్చాయి. ఆమె నవ్వు ఆగిపోయింది.

"చదువు దీకరీ. మొదటిది చదువు."

"అమ్మా... ఇది చదవరాదు."

"నువ్వు రాసినవ్, నువ్వు చదవవా?"

"అక్షరాలున్నయ్. మాటలు లేవు."

ధ్రువ్ వచ్చి చూశాడు. ఆ పేరుతో నెట్‌లో దొరికిన ఫాంటే అది. అసలుది, సేఠ్ అక్షరాలు కలిపించనిది. ఎవరో ఉచితంగా పెట్టిన మార్పిడి ప్రోగ్రాములో వేసి చూశాడు. అక్షరాలు ఇంకొంచెం అందంగా వచ్చాయి, అర్థం మాత్రం రాలేదు.

"దాదీ, మీకు గుర్తున్నయ్ కదా? మళ్లీ పాడండి, ఫోన్‌లో ఎక్కిద్దాం."

కాంచన్‌బెన్ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్లీ తొమ్మిదే.

"మిగతావి వేణీకి ఇచ్చిన కదా," అంది చివరికి. "ఇచ్చినంక నేనెందుకు గుర్తు పెట్టుకుంట?"

సత్యవేణి తలెత్తలేదు. ఇరవై ఏళ్లు ఒక మనిషి నోటి నుంచి తన చేతిలో పోసిన నూటపన్నెండు పాటలు, తను కూర్చున్న కుర్చీ ముందే చచ్చిపడి ఉన్నాయి.

సేఠ్‌కి కబురు వెళ్లింది. ఆయన మనవరాలి భుజం పట్టుకుని వచ్చి, దేవుడి అరలోకి చేయి పెట్టి, ఎర్ర సంచీ తీశాడు. ఆ ముఖంలో గర్వం చూడాలి! "జయంతి సేఠ్ మర్చిపోలేదు. తీస్కో."

ధ్రువ్ ఆ ఫ్లాపీని పట్టుకుని పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారుకి పరుగెత్తాడు. గంటన్నర తరువాత వచ్చాడు.

"మామా, లోపల అంతా బూజు. అగరుబత్తీ పొగ, తేమ. మిషను ఒక్క ముక్క కూడా చదవలేదు."

అటక మీద నేను ఎగిరి గంతేశాను. తప్పే, కానీ ఏం చేయను? ఇన్నేళ్లు ధూపం తాగి తాగి చివరికి ధూపంతోనే పోయింది.

సేఠ్ స్టూలు మీద కూలబడ్డాడు. "అక్షరాలు కలిపినోడు బొంబాయిల చచ్చిపోయి పదేళ్లయింది. మనహర్ దుకాన్ మూసి అంతకన్నా ఎక్కువైంది," అన్నాడు. తరువాత, ఎవరినో కాదు, తనను తానే అడిగాడు. "మరి ఎవరి నుంచి దాచిన నేను?"

సత్యవేణి అప్పుడు తల ఎత్తింది. అటక వైపు.

"నా కీబోర్డు ఉన్నదా?"

నా కీబోర్డు! ఆ రెండు మాటలు విన్నాక నాకు ఇంకేమీ వినిపించలేదు. ధ్రువ్ నిచ్చెన వేసి దించాడు. తడిగుడ్డతో తుడిచాడు. నీలం దీపాల పిల్లను పక్కకు నెట్టి నన్ను బల్ల మీద పెట్టాడు. అదేమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మంచిదయింది.

కానీ నన్ను చూసి ధ్రువ్ నుదురు కొట్టుకున్నాడు. "ఆంటీ, అసలైనవే లేవు!"

నిజమే. అరుదుగా వాడే మూలల మీటల మీద చీటీలు ఉన్నాయి. నడుమ, రోజూ వేళ్లు పడ్డ చోట, అరిగి రాలిపోయి నున్నగా ఉంది. ఆమె ఎక్కువగా తాకిన చోటే నా జ్ఞాపకం చెరిగిపోయింది.

సత్యవేణి ఆలోచించింది. ముందు కొత్త కీబోర్డు మీదే వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. వేళ్లు గాలిలో తడబడ్డాయి. "ఇది చేతికి తగుల్తలేదు," అంది. అప్పుడు నన్ను ముందుకు లాక్కుంది. నా గుండ్రటి ప్లగ్గు కొత్త కంప్యూటరులో పట్టదు. మళ్లీ పార్క్‌లేన్‌కి పరుగు, మళ్లీ ఒక చిన్న జోడింపు ముక్క. చివరికి నా మూల దీపం వెలిగింది. మూడేళ్ల తరువాత.

"అమ్మా, గుర్తున్న పాట ఒకటి పాడండి. అప్పుడు పాడినట్టే, చప్పట్లతోటి. ధ్రువ్, తెర మీద ఏం పడుతదో దాన్ని ఆ పాత ఫైల్ల వెతుకు. నేనైతే కళ్లు తెరవ."

ఉపాయం ధ్రువ్‌కి అప్పుడు అర్థమైంది. ఆమె వేళ్లు పాత అలవాటున కొడితే తెర మీద పడేది ఇంగ్లీషు చెత్తే. అదే చెత్త పాత ఫైలులో కూడా కనిపిస్తే, వేళ్లకు గుర్తున్నట్టు. అప్పుడు ఏ శబ్దానికి ఏ మీటో వరుసగా రాసుకోవచ్చు. జయంతి సేఠ్ కాగితం మీద పెట్టనివ్వని లెక్క మొత్తం కాగితం మీదికి వచ్చేస్తుంది.

నాకూ అర్థమైంది. వచ్చేశాక నాతో పనేముంది? నన్ను దించింది నన్ను ఖాళీ చేయడానికి. ఖాళీ అయ్యాక మళ్లీ అటక. ఆ వేళ్లు మళ్లీ నీలం దీపాల మీదకే.

కాంచన్‌బెన్ మూడు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది. గొంతు వణికింది కానీ లయ తప్పలేదు. సత్యవేణి వేళ్లు నా మీద పడ్డాయి. అబ్బ, అదే బరువు! గుజరాతీలో కి అని పడాలంటే ముందు గుడి కొట్టి తరువాత క కొట్టాలి. నోరు పలికే వరుసలో కాదు, కన్ను చూసే వరుసలో. ఆ తిరకాసు కూడా వేళ్లు మరవలేదు. రెండు మాటలు పడ్డాయి. మూడో మాటలో మ వస్తుంది. అమ్మవారి పాట, మ రాకుండా ఎలా ఉంటుంది? చిటికెనవేలు సెమికోలన్ మీద పడింది.

నేను ఆ మీటను సగం దిగిన చోటే పట్టేశాను, పైకీ రానివ్వలేదు. తెర మీద ఆ గుర్తు పడలేదు.

ధ్రువ్ వెతికాడు. "దొరకలేదు ఆంటీ."

మళ్లీ పాడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ బిగబట్టాను.

"లేదు. మూడేళ్లాయె కదా కొట్టక, మర్చిపోయినట్టున్నరు. పర్వాలేదు."

సత్యవేణి కళ్లు మూసుకునే ఉంది. రెప్పల కింద నుంచి ఒక చుక్క జారి నా స్పేస్ మీట మీద పడింది. కాంచన్‌బెన్ కర్ర అందుకుంది. "పోనీలే దీకరీ. తొమ్మిది ఉన్నయ్ కదా. రోజుకొకటి పాడుకుంటరు." లేచింది. రెండు అడుగులు వేసింది.

"ఉండమ్మా," అంది సత్యవేణి. కళ్లు తెరవకుండానే కుడిచేయి కొద్దిగా పైకెత్తింది. వేలు మడిచింది. వేలి కణుపు నా సెమికోలన్ నెత్తిన పడింది. ఒకటి. రెండు.

"ఏందే, అలిగినవా?"

ఇంత మందిలో, ఇన్నేళ్ల తరువాత, కళ్లు మూసుకుని, నా అలకను గుర్తుపట్టింది. కొత్తదాన్ని ఎప్పుడైనా ఈ మాట అడిగిందా? నేనిక ఆగలేకపోయాను. మీట టక్కున పైకి లేచింది.

మూడోసారి పాట. ధ్రువ్ వెతుకు మీట నొక్కాడు. తెర కిందికి దూకింది. ఆగింది. పసుపు రంగులో ఒక వరుస.

"దొరికింది! ఆంటీ, దొరికింది! ఇరవై మూడో పేజీ!"

సేఠ్ మసక కళ్లతో తెర దాకా వంగి, కనిపించకపోయినా కనిపించినట్టే తల ఊపాడు.

తొమ్మిది పాటలూ పాడించేసరికి చాలా అక్షరాలు తేలిపోయాయి. మిగిలిన కొన్ని నా మూలల చీటీల మీద ఉన్నాయి. ధ్రువ్ పట్టిక రాసుకుని, దాన్ని ప్రోగ్రాములో పెట్టి నడిపాడు. చాయ్ చల్లారేలోపు నూటపన్నెండు పాటలు బయటికి వచ్చాయి, వేషాలు లేకుండా, ఏ ఫోనులోనైనా తెరుచుకునేలా. సత్యవేణి మొదటి పాట చదివింది. రెండోది చదువుతుంటే కాంచన్‌బెన్ కర్ర పక్కన పడేసి చప్పట్లు అందుకుంది. "ఇది నాదేనా? బాగనే ఉన్నది కదా!"

ఆ నవరాత్రులకు మండలి ఆడవాళ్లంతా ఫోన్లు చూసి పాడారట. ఫోన్లు! అవి ఒక్క దెబ్బైనా తిన్నాయా?

నన్ను మళ్లీ అటక ఎక్కించలేదు. జయంతి సేఠ్ ఎర్ర సంచీని, ఫ్లాపీని తీసేసి, దేవుడి అర కడిగించి, నన్ను అక్కడ పెట్టించాడు. రోజూ అగరుబత్తీ వెలిగిస్తున్నారు. ఒకప్పుడు ఈ ధూపం కోసం ఎంత ఏడ్చానో మీకు తెలుసు. ఇప్పుడు తెలిసింది, ఇక్కడ పొగ తప్ప ఏమీ తగలదు. ఆ ఫ్లాపీ మీద అన్నేళ్లు కుళ్లుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాను. కొంచెమే.

దీపావళి వెళ్లిన వారానికి మెట్ల మీద మళ్లీ కర్ర చప్పుడైంది. "ఇంకొక్కటి ఉంది దీకరీ."

ధ్రువ్ ఉత్సాహంగా ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. అది చప్పట్ల మధ్య ఏదేదో గిలికింది. కాంచన్‌బెన్ దాన్ని కర్రతో పక్కకు నెట్టింది. "ఈ డబ్బా వినదు, రాసేస్తది. వేణీ వింటది."

సత్యవేణి నీలం దీపాలదాన్ని ముందుకు లాక్కుంది. ఇప్పటి గుజరాతీ వరుసలో మ ఎక్కడో ఎడమచేతి కింద ఉందట. నేను పైనుంచి చూస్తున్నాను. పళ్లుంటే కొరుక్కునేదాన్ని. పాట మొదలైంది. ఆమె వేళ్లు దాని మీద ధనాధన్ పడుతున్నాయి.

"ఆంటీ, మెల్లగా! అది విరుగుతది," అన్నాడు ధ్రువ్.

విరగనీ.

పాటలో మ వచ్చింది. సత్యవేణి కుడి చిటికెనవేలు దానంతటదే సెమికోలన్ మీదికి వెళ్లి పడింది. తెర మీద చ వచ్చింది. తప్పు. చెరిపింది, సరిచేసింది. తరువాతి మ దగ్గర మళ్లీ అదే వేలు, అదే చోటు, మళ్లీ చెరపడం. పాట చివరి వరుసకు వచ్చేసరికి పదిహేడుసార్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆ నీలం దీపాలది తన ఒంటి మీద లేని అక్షరానికి దెబ్బ తింది.

పద్దెనిమిదోసారి ఆమె ఆగి, నవ్వి, తల పైకెత్తి నా వైపు చూసింది.

"నీదే ఈ పని," అంది.